మెలకువను కలగా చూసే సాధన: తరచుగా అడిగే ప్రశ్నలు

కలగంటున్నప్పుడే "ఇది కల" అని తెలిసిపోయే అనుభవాన్ని లూసిడ్ డ్రీమ్ అంటున్నారు. ఈ పేజీలో దాన్ని ఎరుక కల అని రాశాను. అది రావడానికి పగటి పూట మెలకువనే కలగా చూసుకునే ఒక సాధన ఉంది. దాని గురించి కొత్తగా మొదలుపెట్టినవారు అడిగే సందేహాలు కొద్ది తేడాతో ఎప్పుడూ అవే కావడం వల్ల వాటికి జవాబులు ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నను విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మెలకువను కలగా చూడటం అంటే అసలు చేయవలసిందేమిటి?

చుట్టూ జరుగుతున్నది కల అయి ఉండవచ్చునన్న అనుమానంతో పగటి పూట కొద్దిసేపు ఆగి పరిశీలించడమే ఈ సాధన. మీరు బస్టాండులో నిలబడి ఉన్నారనుకోండి. ఇక్కడికి ఎలా వచ్చాను, అరగంట క్రితం ఎక్కడున్నాను, ఆ బోర్డు మీది ఊరిపేరు రెండోసారి చూసినా అదేనా, నా చేతులు ఎప్పటిలాగే ఉన్నాయా అని నిదానంగా చూసుకుంటారు. అంతా సవ్యంగా ఉంటే మెలకువలోనే ఉన్నానని తేల్చుకుని, ఇదే కల అయి ఉంటే ఎలా ఉండేదో ఒక్క నిమిషం ఊహించి, మళ్లీ మీ పనిలో పడతారు. రాత్రి కలల్లోనూ మనం బస్టాండుల్లో నిలబడుతూనే ఉంటాం. అక్కడ ఈ అనుమానం రాదు కనుకనే కలను నిజమని నమ్ముతాం. అనుమానించే అలవాటును పగలు పెంచితే అది రాత్రికీ పాకుతుందన్నది దీని వెనక ఉన్న ఆశ. చూడటానికి ఇంతే గాని, ఆ అనుమానాన్ని మనస్ఫూర్తిగా తెచ్చుకోవడంలోనే కష్టమంతా ఉంది.

"జగత్తు మిథ్య" అనే వేదాంతమేనా ఇది?

రెండింటిలోనూ పోలిక ఒకటే అయినా ఉద్దేశాలు వేరు. మన దేశంలో ఈ పోలికకు చాలా పాత చరిత్ర ఉంది. మాండూక్యోపనిషత్తు 12 మంత్రాల్లో జాగ్రత్తు (మెలకువ), స్వప్నం, సుషుప్తి (కలలు లేని గాఢ నిద్ర) అనే మూడు అవస్థలనూ, వాటిని దాటిన తురీయాన్నీ చెబుతుంది. దానికి కారికలు, అంటే వివరణ శ్లోకాలు, రాసిన అద్వైతాచార్యులు గౌడపాదులు అందులోని వైతథ్య ప్రకరణంలో, కలలో కనిపించే వస్తువులు ఎంత అసత్యమో మెలకువలో కనిపించేవీ అంతే అసత్యమని వాదించారు. ఆచార్య నాగార్జునుడు, అంటే మన నాగార్జునకొండతో పేరు ముడిపడిన ఆ తత్త్వవేత్తే, పుట్టుకనూ నిలకడనూ నాశనాన్నీ మాయతోను, స్వప్నంతోను, ఆకాశంలో భ్రమగా కనిపించే గంధర్వనగరంతోను పోల్చాడు.

అయితే చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో "వైధర్మ్యాచ్చ న స్వప్నాదివత్" అన్న సూత్రాన్ని వివరిస్తూ, మెలకువలోని అనుభవం కల వంటిది కాదని తేల్చి చెప్పారు. కలలో చూసినది మెలకువ రాగానే అబద్ధమని తెలిసిపోతుంది, మెలకువలో చూసిన స్తంభం మాత్రం ఏ అవస్థలోనూ అలా అబద్ధం కాదు అన్నది వారి వాదం. అంటే జగత్తును మిథ్య అన్న సంప్రదాయం కూడా రోజువారీ వ్యవహారంలో కలనూ మెలకువనూ కలిపేయలేదు. ఎరుక కలల కోసం చేసే సాధనకు శంకరుల ఈ జాగ్రత్తే సరిపోతుంది. జగత్తు సత్యమా మిథ్యా అన్నది తేలకపోయినా సాధన సాగుతుంది, ఎందుకంటే మీరు చేస్తున్నది తత్త్వ నిర్ణయం కాక ఒక చూపును అలవాటు చేసుకోవడం.

టిబెట్టు లామాల పద్ధతికీ సైకాలజిస్టుల పద్ధతికీ తేడా ఉందా?

ఉంది, అదీ మూలంలోనే ఉంది. టిబెట్టు బౌద్ధంలో 11వ శతాబ్దపు సిద్ధుడు నారోపా పేరుతో వచ్చిన ఆరు యోగాల్లో మాయాదేహం ఒకటి, స్వప్నయోగం మరొకటి. స్వప్నయోగాన్ని వారు మిలమ్ అంటారు. అందులో సాధకుడు పగలంతా కనిపించిన ప్రతిదాన్నీ, విన్న ప్రతి మాటనూ, తనకు వచ్చిన కోపాన్ని కూడా "ఇది కల" అని గుర్తు చేసుకుంటూ ఉంటాడు. అతని గమ్యం కలలో సరదాగా ఎగరడం కాదు. కలలోనూ మరణ సమయంలోనూ మనసు చెదరకుండా ఉండటం, పగటి రాగద్వేషాల పట్టు సడలడం అతనికి కావాలి. అందుకే అక్కడ గురువు, దీక్ష, మిగిలిన సాధనలు అన్నీ కలిసే ఉంటాయి.

జర్మన్ సైకాలజిస్టు పాల్ తోలై పద్ధతిలో "ఇది కల" అన్న ప్రకటనకు బదులు ప్రశ్న ఉంటుంది. "నేను మెలకువలో ఉన్నానా, కలగంటున్నానా?" అని రోజుకు ఐదు నుంచి పది సార్లు తనను తాను అడగాలని, ప్రతిసారీ ఆధారాలు చూసి జవాబు చెప్పుకోవాలని ఆయన సూచించాడు. అడిగే సందర్భం కలను పోలి ఉంటే, నిద్రకు దగ్గరగా ఉంటే ఫలితం మెరుగన్నాడు. మొదటి పద్ధతిలో జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది, రెండో దానిలో ప్రతిసారీ కొత్తగా వెతకాలి. ఇంట్లో ఒంటరిగా, గురువు లేకుండా మొదలుపెట్టేవారికి రెండో దారే క్షేమమని నా అభిప్రాయం.

కలలో ఎరుక ఉంటుందనడానికి రుజువు ఉందా, లేక ఇదీ ఒక నమ్మకమేనా?

ప్రయోగశాలలో దొరికిన రుజువు ఉంది. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రలో శరీర కండరాలు పట్టు వదిలేసి ఉంటాయి గాని, కళ్ల కండరాలు మాత్రం కదులుతాయి. దీన్ని ఉపయోగించుకుని 1975 ఏప్రిల్‌లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ ఒక ప్రయోగం చేశాడు. నిద్రపోతున్న ఆలన్ వర్స్‌లీ, తనకు కల అని తెలిసిన క్షణంలో ముందుగా అనుకున్న ప్రకారం కళ్లను ఎడమకూ కుడికీ తిప్పి సైగ చేశాడు. కొన్నేళ్లకు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లబర్జ్ ఇదే పద్ధతిని విడిగా రూపొందించి, 1981లో ఫలితాలు ప్రచురించాడు. 2021లో అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ దేశాల్లోని నాలుగు బృందాలు 36 మందితో చేసిన ప్రయోగాల్లో ఇంకో అడుగు ముందుకు పడింది. నిద్రలో ఉన్న మనిషిని ఎనిమిదిలోంచి ఆరు తీసేస్తే ఎంత అని అడిగితే, అతను కలలోంచే కళ్లతో రెండు అని జవాబిచ్చాడు. అన్ని ప్రశ్నలకూ జవాబులు రాలేదు, వచ్చినవన్నీ సరైనవీ కావు. అయినా కలలో ఎరుక సాధ్యమా అన్న సందేహానికి మాత్రం ఇక తావు లేదు.

పగలు చేసిన పని రాత్రి కలలోకి ఎలా వెళ్తుంది?

పగలు మనసు దేని చుట్టూ తిరుగుతుందో కలల్లో తరచుగా అదే కనిపిస్తుంది. పరీక్షలు దగ్గర పడిన విద్యార్థికి పరీక్ష కలలు, ఇంట్లో పెళ్లి పనులు నడుస్తున్నవారికి పెళ్లి కలలు రావడం అందరూ ఎరిగినదే. వస్తువులు వచ్చినట్లే అలవాట్లూ వస్తాయి. రోజుకు పదిసార్లు అలమర తాళం సరిచూసుకునేవారు కలలోనూ తాళం సరిచూసుకుంటారు. రెమ్ నిద్రలో తర్కానికి, ఆత్మపరిశీలనకు తోడ్పడే మెదడు ముందు భాగం చాలావరకు మందగించి ఉంటుంది. అందుకే చనిపోయినవారు ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నా మనకు వింత అనిపించదు. అప్పటికప్పుడు తర్కించి కల అని పోల్చుకోవడం ఆ స్థితిలో కష్టం. ఆలోచించనక్కర లేకుండా పైకి వచ్చే అలవాటు మాత్రం ఆ మందకొడితనంలోనూ తలెత్తగలదు. పగటి సాధన ఆధారపడేది దీని మీదే.

ఇది ఎవరు చేయకూడదు?

స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి సమస్యలకు చికిత్స పొందుతున్నవారు, వాస్తవం మీద పట్టు తప్పిన అనుభవం గతంలో ఉన్నవారు, ప్రపంచమంతా బొమ్మలాగా తోచే స్థితి తరచుగా వచ్చేవారు ఈ సాధన జోలికి పోకూడదు. వాస్తవాన్ని శంకించడమే ఇక్కడ అభ్యాసం కనుక, ఆ శంకతోనే బాధపడుతున్నవారికి ఇది మందు కాదు, హాని. నిద్రలేమితో బాధపడేవారు ముందు నిద్ర సంగతి చూసుకోవాలి. రాత్రి షిఫ్టుల వల్లనో, చంటిబిడ్డ వల్లనో నిద్ర చాలనివారు కొన్నాళ్లు వాయిదా వేసుకుంటే నష్టమేమీ లేదు.

## పగటి సాధన

రోజుకు ఎన్నిసార్లు చేయాలి? అలారం పెట్టుకోవచ్చా?

ఐదు నుంచి పది సార్లు చాలు, ఒక్కోసారి రెండు నిమిషాలు మించనక్కర లేదు. అలారం పెట్టుకోవచ్చు గాని, కలలో మీ అలారం మోగదన్నది గుర్తుంచుకోవాలి. అలారం మోగినప్పుడే ప్రశ్న వేసుకునే అలవాటు పడితే, అది మోగని చోట ప్రశ్న పుట్టదు. కలలో కూడా ఎదురయ్యే సందర్భాలకు ప్రశ్నను ముడిపెట్టడం మంచిది. గుమ్మం దాటి కొత్త గదిలోకి అడుగు పెట్టినప్పుడు, చాలా కాలంగా చూడని మనిషి ఎదురైనప్పుడు, ఉన్నట్టుండి భయమో సిగ్గో కోపమో కలిగినప్పుడు, వెతుకుతున్న వస్తువు పెట్టిన చోట లేనప్పుడు అడగండి. మీ కలల్లో పదేపదే వచ్చేది ఏదైనా ఉంటే అది అన్నిటికంటె మేలైన గుర్తు. నా కలల్లో సగం రైల్వే స్టేషన్లలోనే జరుగుతాయి కనుక, ఇప్పటికీ ప్లాట్‌ఫారం మీద అడుగు పెడితే నేను ఆగి చూసుకుంటాను.

గిల్లి చూసుకుంటే సరిపోదా?

సరిపోదు. "ఇది కలా నిజమా" అంటూ గిల్లుకోవడం మన మాటల్లోనూ సినిమాల్లోనూ ఉన్నదే గాని, కలలో గిల్లుకుంటే నొప్పి కలుగుతుందని చాలామంది అనుభవం. నొప్పిని కూడా మనసు కల్పించగలదు. పైగా గిల్లుకోగానే నొప్పి తెలిసింది కాబట్టి ఇది మెలకువే అని పొరపాటు పడి, చేతికి అందిన ఎరుకను పోగొట్టుకుంటారు.

మరి నమ్మదగిన పరీక్షలు ఏవి?

నేను మొదట చెప్పేది ముక్కు పరీక్ష. నోరు మూసుకుని, రెండు ముక్కుపుటాలనూ వేళ్లతో గట్టిగా పట్టుకుని గాలి పీల్చి చూడాలి. మెలకువలో గాలి రాదు. కలలో మీరు పట్టుకున్నది కలలోని ముక్కునే కనుక, మంచం మీద పడుకున్న శరీరం యథాప్రకారం శ్వాసిస్తూ ఉంటుంది, గాలి హాయిగా వస్తుంది. ఆ వింత అనుభూతి ఒక్కసారి కలిగితే మరచిపోలేరు.

రెండోది అక్షరాల పరీక్ష. ఒక వాక్యమో డిజిటల్ గడియారంలోని అంకెలో చదివి, చూపు మరల్చి, మళ్లీ చదవాలి. కలలో అవి తరచుగా మారిపోతాయి, కొన్నిసార్లు ఏ లిపో తెలియని గీతలవుతాయి. చేతివేళ్లు లెక్కపెట్టడం, అరచేతిలోంచి వేలు దూర్చే ప్రయత్నం చేయడం కూడా వాడుకలో ఉన్నాయి. స్విచ్ వేస్తే గదిలో వెలుగు మారకపోవడం కల గుర్తు అని కొందరు రాస్తారు. కరెంటు కోతలు ఎరిగిన మన ఊళ్లలో దాని మీద ఆధారపడమని నేను చెప్పను.

ఏ ఒక్క పరీక్షా అన్నిసార్లూ పనిచేయదు కాబట్టి రెండు కలిపి చేయండి. మేడ మీద నుంచి దూకడం, వాహనానికి అడ్డం వెళ్లడం, నిప్పు ముట్టుకోవడం వంటివి ఎన్నడూ పరీక్ష కాకూడదు. కల అని వందకు వంద పాళ్లు అనిపించినా సరే, నేల మీద నిలబడి చేయగలిగిన పరీక్షే చేయాలి.

"ఇది కల" అనుకోవాలా, "ఇది కలా?" అని అడగాలా?

అడగండి. "ఇది కల" అని వందసార్లు అనుకుంటే మనసు దాన్ని జపంలా పట్టుకుని, అర్థం వదిలేస్తుంది. అడిగినప్పుడు మాత్రం జవాబు కోసం కళ్లు తెరిచి చూడవలసి వస్తుంది, ఆ చూడటమే కావలసింది. అయితే జవాబు వచ్చాక, "ఇది మెలకువే, అయినా కల అయి ఉంటే ఈ మనిషి ముఖం, ఈ ఎండ, ఈ మాట నా మనసు కల్పించినవై ఉండేవి కదా" అని కొద్దిసేపు ఊహించుకోవడం మంచిది. ప్రశ్న అనుమానాన్ని నేర్పుతుంది, ఊహ ఎరుక కలలో ఉండబోయే అనుభూతిని ముందుగా రుచి చూపిస్తుంది.

బండి నడుపుతూ చేయవచ్చా?

వద్దు. రోడ్డు మీద, యంత్రాల దగ్గర, పొయ్యి ముందు, పిల్లలను నీళ్ల దగ్గర కనిపెట్టుకుని ఉన్నప్పుడు ఇది చేయకూడదు. బండి దిగి స్టాండు వేశాక చేసుకోవచ్చు.

అంతా కలే అనుకుంటే ఉద్యోగం మీద, ఇంట్లోవాళ్ల మీద లెక్కలేనితనం రాదా?

ఈ భయం సహేతుకమే. తప్పుగా చేసినవారికి అలాగే అవుతుంది. కల అన్న మాటకు మన వాడుకలో "విలువలేనిది" అన్న అర్థం కూడా ఉండటమే చిక్కు. ఈ సాధనలో ఆ అర్థాన్ని పక్కన పెట్టాలి. ఎరుక కల వచ్చినవారిని అడిగి చూడండి. కల అని తెలిసిన క్షణంలో అక్కడి చెట్టు ఆకులూ, గోడ మీది పెచ్చులూ, తాము పీల్చే గాలీ ఎన్నడూ లేనంత స్పష్టంగా కనిపించాయని చెబుతారు. మెలకువను కలగా చూడటమంటే ఆ శ్రద్ధను పగటికి తెచ్చుకోవడం. భార్యతో మాట్లాడుతూ "ఇదంతా కలే కదా" అని మాట వినిపించుకోనివాడు ఈ సాధన చేయడం లేదు, తప్పించుకు తిరుగుతున్నాడు. మెలకువలోని పనులకు ఫలితాలు ఉంటాయి, అవి నిద్ర లేస్తే పోవు. ఒకటి రెండు వారాల్లో మీ ఇంట్లోవారు మిమ్మల్ని పరధ్యానంగా ఉంటున్నారని అంటే, సాధన దారి తప్పిందని అర్థం.

నెల రోజులుగా చేస్తున్నాను, యాంత్రికమైపోయింది. ఏం చేయాలి?

సంఖ్య తగ్గించి సమయం పెంచండి. నేను మొదట్లో ఫోన్ మోగినప్పుడల్లా చేతివేళ్లు లెక్కపెట్టేవాణ్ణి. రెండు నెలల తర్వాత ఒక రాత్రి కలలోనూ లెక్కపెట్టాను. ఆరు వచ్చాయి. "సరే, ఇవాళ ఆరు" అనుకుని ఫోన్ ఎత్తాను. అలవాటు కలలోకి వచ్చింది గాని అనుమానం రాలేదు. ఆ తర్వాత రోజుకు నాలుగుసార్లే చేస్తూ, ప్రతిసారీ గడిచిన గంటను వెనక్కి తిప్పి చూసుకోవడం మొదలుపెట్టాను. టీ తాగక ముందు ఏం చేశాను, అంతకు ముందు ఎవరితో మాట్లాడాను, ఈ గదిలోకి ఏ ద్వారం గుండా వచ్చాను అని గుర్తు చేసుకుంటే మెలకువలో గొలుసు తెగకుండా దొరుకుతుంది. కలలో సాధారణంగా రెండు మూడు కొక్కేల తర్వాత గొలుసు ఉండదు. వేళ్లు లెక్కపెట్టడం కన్నా ఈ ప్రశ్న యాంత్రికం కావడం కష్టం.

## రాత్రి

నాకు కలలే రావు. ఈ సాధన వల్ల లాభం ఉంటుందా?

కలలు వస్తూనే ఉంటాయి, గుర్తుండటం లేదంతే. ముందు వాటిని గుర్తు పెట్టుకోవడం నేర్చుకోవాలి, లేకపోతే ఎరుక కల వచ్చినా తెల్లారేసరికి మరచిపోతారు. దిండు పక్కన నోటు పుస్తకం, పెన్ను ఉంచుకోండి. మెలకువ రాగానే కదలకుండా, ఫోన్ ముట్టకుండా, పడుకున్న భంగిమలోనే కళ్లు మూసుకుని ఏం చూశానని వెతకండి. ఒక రంగో, ఒక ముఖమో, ఒక బెంగో చిక్కినా రాసుకోండి. తేదీ వేసి, వర్తమాన కాలంలో, రెండు ముక్కలైనా సరే రాయాలి. ఇలా చేస్తే రెండు మూడు వారాల్లో చాలామందికి వారానికి మూడు నాలుగు కలలైనా పుస్తకంలో చేరతాయి. ఆ పుస్తకం చదివితే ఏ చోట్లు, ఏ మనుషులు తిరిగి తిరిగి వస్తున్నారో తెలుస్తుంది.

పగటి సాధన ఒక్కటే చాలా?

ఇష్టం లేకపోయినా చెప్పక తప్పదు, చాలామందికి చాలదు. ఆస్ట్రేలియాలో 169 మందితో డెన్‌హోమ్ ఆస్పీ చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. ఒక వారం పాటు పగటి పరీక్షలు మాత్రమే చేసినవారిలో ఎరుక కలలు చెప్పుకోదగినంతగా పెరగలేదు. పగటి పరీక్షలకు తోడు, ఐదు గంటల నిద్ర తర్వాత లేచి, మళ్లీ పడుకునే ముందు "ఈసారి కలగంటున్నప్పుడు అది కల అని గుర్తు పెట్టుకుంటాను" అని సంకల్పించినవారికి సుమారు 17 శాతం రాత్రుల్లో ఎరుక కలలు వచ్చాయి. ఒక వారం చాలా తక్కువ వ్యవధి. మొదటి ఎరుక కలకు తోలై చెప్పిన లెక్క నాలుగైదు వారాలు. అలవాటు ముదరడానికి టైం ఇవ్వలేదని అనవచ్చు, నేనూ అంటాను. అయినా పగటి సాధనను నాగలిగానూ, తెల్లవారుజాము సంకల్పాన్ని విత్తనంగానూ అనుకుని రెండూ చేయడమే తెలివైన పని.

తెల్లవారుజామునే ఎందుకు లేవమంటారు?

నిద్ర ఇంచుమించు 90 నిమిషాల ఆవృత్తాలుగా నడుస్తుంది. మొదటి ఆవృత్తంలో రెమ్ నిద్ర పది నిమిషాలకు మించదు. రాత్రి గడిచేకొద్దీ అది పెరిగి, చివరి ఆవృత్తాల్లో అరగంట కూడా దాటుతుంది. అంటే పొడవైన, రంగురంగుల కలలు తెల్లవారుజామునే వస్తాయి. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన పెద్దలు చెప్పే మాటకు మూలం ఇదే కావచ్చునని నా ఊహ. ఆ వేళ కలలు ఎక్కువ, వెంటనే మెలకువ వస్తుంది కనుక గుర్తుండటమూ ఎక్కువ. పదకొండింటికి పడుకునేవారు నాలుగు గంటలకు లేచి, పది పదిహేను నిమిషాలు కలల పుస్తకం చదువుకుని, సంకల్పం చెప్పుకుని మళ్లీ పడుకోవచ్చు. బ్రహ్మ ముహూర్తం సూర్యోదయానికి గంటా 36 నిమిషాల ముందు మొదలవుతుంది కాబట్టి, అప్పుడు లేచే అలవాటు ఉన్నవారికి ఇది తేలిక. కాకపోతే వారు మళ్లీ పడుకోవడానికి ఒప్పుకోవాలి. వారానికి ఒకటి రెండు రోజులు, అదీ మర్నాడు సెలవు ఉన్నప్పుడే ఇది చేయండి. రోజూ నిద్ర విరగ్గొట్టుకోవడం మంచిది కాదు.

మెలకువ వచ్చింది గాని కదలలేకపోయాను, గుండెల మీద ఎవరో కూర్చున్నట్లుంది. దయ్యమా?

కాదు. రెమ్ నిద్రలో మనం కలను నటించకుండా మెదడు కండరాలను నిలిపి ఉంచుతుంది. ఆ కట్టు విడిపోక ముందే ఎరుక వస్తే, కళ్లు తెరిచి ఉన్నా ఒళ్లు కదలదు, కలలోని ముఖాలు గదిలో కనిపిస్తాయి. దీన్ని నిద్ర పక్షవాతం అంటారు. ఇది కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాల్లో దానంతట అదే పోతుంది. తెల్లవారుజామున లేచి మళ్లీ పడుకునేవారికి, వెల్లకిలా పడుకునేవారికి, నిద్ర చాలనివారికి ఇది కొంచెం ఎక్కువగా రావచ్చు. పెనుగులాడకుండా నిదానంగా శ్వాస తీస్తూ, ఒక కాలి బొటనవేలును కదిపే ప్రయత్నం చేయండి. పదేపదే వస్తూ పగలు కూడా ఆపుకోలేని నిద్ర పడుతుంటే వైద్యుణ్ణి కలవాలి.

## కలలో

కలలోనే ప్రశ్న వేసుకున్నాను, "కాదు, ఇది నిజమే" అని తేల్చేశాను! ఇదేమిటి?

ఇది విజయానికి ఒక్క గుమ్మం ఇవతల ఉండటం. ప్రశ్న కలలోకి వచ్చిందంటే పగటి పని సగం అయినట్లే. జవాబు తప్పడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, పగలు అడిగిన ప్రతిసారీ "మెలకువే" అన్న జవాబు అలవాటైపోయింది. ఇకపై పగలు అడిగేటప్పుడు, ఇది కల అని నిరూపించి తీరాలన్నంత పట్టుదలతో ఆధారాలు వెతకండి. పొద్దున లేచాక ఆ కలను మళ్లీ మనసులో నడిపించి, ప్రశ్న వేసుకున్న చోట "అవును, కలే" అని జవాబు మార్చి, ఆ తర్వాత ఏం చేసి ఉండేవారో ఊహించుకోండి.

కల అని తెలియగానే ఉత్సాహంలో మెలకువ వచ్చేస్తోంది.

మొదటి పది ఎరుక కలల్లో ఇది మామూలే. తెలిసిన వెంటనే ఏదో చేయాలని తొందరపడకుండా, కలలోని రెండు అరచేతులనూ రుద్దుకోండి, పక్కనున్న గోడను తడిమి చూడండి. స్పర్శ మీద ధ్యాస ఉన్నంతసేపు మనసు మంచం మీది శరీరం వైపు మళ్లడం తగ్గుతుంది. దృశ్యం మసకబారుతుంటే నిలబడిన చోటే గిరగిరా తిరగమని లబర్జ్ సలహా. ఒకే వస్తువును రెప్ప వేయకుండా చూడవద్దు. అలా చూపు నిలిపితే కల ముగుస్తుందని తోలై గమనించాడు. పీడకల నుంచి బయటపడాలంటే మాత్రం అదే పనికొస్తుంది.

నిద్ర లేచి పళ్లు తోముకున్నాను, అది కూడా కలే అని తర్వాత తెలిసింది. భయమేసింది.

దీన్ని దొంగ మెలకువ అనవచ్చు. ఈ సాధన చేసేవారికి ఇది తరచుగా వస్తుంది, ప్రమాదమేమీ లేదు. ప్రతి ఉదయం లేవగానే, మంచం దిగక ముందే, ముక్కు మూసి గాలి పీల్చి చూసే అలవాటు చేసుకుంటే దొంగ మెలకువే ఎరుక కలకు దారి అవుతుంది. నా ఎరుక కలల్లో మూడో వంతు ఇలా వచ్చినవే.

చనిపోయిన నాన్నగారు కలలోకి వస్తారు. కల అని తెలిస్తే ఆయనతో మాట్లాడవచ్చా?

మాట్లాడవచ్చు. ఎదుట ఉన్నది మీ జ్ఞాపకం మలచిన రూపమా, మరేదైనానా అన్నది మీ విశ్వాసానికి సంబంధించినది, దాని మీద నేను తీర్పు చెప్పను. కలలోని వ్యక్తులతో, ముఖ్యంగా తరిమేవారితో, పోట్లాడకుండా "మీరు ఎవరు?" అని అడిగి సఖ్యంగా మాట్లాడితే కల తీరు మారుతుందని తోలై చెప్పాడు. నాన్నగారితోనూ అంతే, ఆయన్ను పరీక్షించకుండా పక్కన కూర్చోండి. అనదలచుకున్న మాట ఒకటే ముందుగా అనుకుని ఉంచుకోండి, ఎందుకంటే ఆ క్షణంలో కన్నీళ్లతో కల చెదిరిపోవడం సహజం. ఇటీవలే పోయినవారి కోసం పట్టుదలగా రాత్రులు ప్రయత్నించడం మాత్రం దుఃఖాన్ని పెంచవచ్చు. కొన్ని నెలలు ఆగడం మేలు.

## నెలలు గడిచాక

ఎన్నాళ్లకు వస్తుంది?

క్రమంగా చేసినవారికి సగటున నాలుగైదు వారాల్లో మొదటి ఎరుక కల వస్తుందని తోలై అన్నాడు. నాకు పదకొండు వారాలు పట్టింది. పరిశోధనలన్నీ కలిపి చూసిన 2016 నాటి ఒక విశ్లేషణ ప్రకారం, జీవితంలో ఒక్కసారైనా ఎరుక కల వచ్చినవారు 55 శాతం, నెలకు ఒకటైనా వచ్చేవారు 23 శాతం. కాబట్టి మీకు చిన్నప్పుడే ఒకటి వచ్చి ఉండవచ్చు, పేరు తెలియక పోల్చుకోలేదేమో గుర్తు చేసుకోండి.

కొన్నాళ్లుగా పగలే ఏదో గాజు వెనక నుంచి చూస్తున్నట్లుంది, మనుషులు బొమ్మల్లా ఉన్నారు. సాధన ఫలిస్తోందా?

లేదు, వెంటనే ఆపండి. సరిగా సాగితే పగలు మరింత స్పష్టంగా, దగ్గరగా తోచాలి. ప్రపంచం దూరమైనట్లు, తాను తాను కానట్లు తోచడం అవాస్తవిక భావన అనే లక్షణం. నిద్ర చాలకపోయినా, ఆందోళన ఎక్కువైనా అది వస్తుంది. పరీక్షలు, ప్రశ్నలు అన్నీ మానేసి, వేళకు తిని, నిండుగా నిద్రపోయి, మనుషుల మధ్య ఉండండి. ఒకటి రెండు వారాల్లో తగ్గకపోయినా, ముందే భయం కలిగిస్తున్నా మానసిక వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వ టెలి-మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా మాట్లాడవచ్చు. తగ్గిన తర్వాత కూడా ఈ సాధనకు తిరిగి రానక్కర లేదు.

ఎరుక కలలు రావడం మొదలయ్యాయి. ఇక పగటి సాధన ఆపేయవచ్చా?

పూర్తిగా ఆపితే నాకు మూడు నాలుగు వారాల్లో కలలు పలచబడ్డాయి, మళ్లీ మొదలుపెడితే తిరిగి వచ్చాయి. రోజుకు పదిసార్లు మాత్రం ఇక అవసరం లేదు. సంధ్యవేళ ఒకసారి, దీపం తీసే ముందు ఒకసారి, మీ కలల్లో పదేపదే వచ్చే చోటికి పగలు వెళ్లినప్పుడు ఒకసారి చేస్తే నిలుస్తుంది. ప్రయాణాల్లో, జ్వరంలో, ఇంట్లో శుభకార్యాల హడావిడిలో మానేసినా పరవాలేదు. ఆ రోజుల్లో కలల పుస్తకం మాత్రం రాస్తూ ఉంటే తిరిగి అందుకోవడానికి వారం చాలు.